పక్షవాతం వచ్చినాక విటమిన్-ఇ గోలీలతో మెదడు కోలుకుంటుందా?

కోలుకోదు. మూసుకుపోయిన నాళంలో రక్తం మళ్లీ పారగానే ఫ్రీ రాడికల్స్ (విటమిన్-ఇ అడ్డుకునే చురుకైన అణువులు) ఎగబడి కణాల పొరలను దెబ్బతీసేది నిజమే. కానీ ఆ నష్టంలో చాలావరకు మొదటి గంటల్లోనే జరిగిపోతుంది. నెల తర్వాత మింగిన గోలీ ఏం ఆపుతుంది? పైగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్లలో ఎక్కువ మోతాదు విటమిన్-ఇ రక్తస్రావం ముప్పు పెంచుతుంది.

ఫ్రీ రాడికల్స్‌ను పట్టేసే ఎన్‌ఎక్స్‌వై-059 మందు జంతువుల్లో బాగా పనిచేసినా, 2007లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో మనుషులపై విఫలమైంది. అలాంటిదే అయిన ఎడరవోన్ అనే మందుకు మాత్రం జపాన్ 2001లో ఆమోదమిచ్చింది: 24 గంటల్లోపు మొదలుపెట్టి, 30 మిల్లీగ్రాములు సెలైన్‌లో అరగంట, రోజుకు రెండుసార్లు, 14 రోజులు మించకుండా. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఎక్కిస్తే కిడ్నీలకు ముప్పు.

దేవరకొండ, అచ్చంపేట వైపువాళ్లకు అసలు చిక్కు దూరం. మూతి వంకరపోయిందంటే పసరు వైద్యం పక్కనపెట్టి 108కు ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న దవాఖానకే పోవాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు మామూలుగా 4.5 గంటలే. మనిషి చివరిసారి బాగున్న టైమ్ నుంచి లెక్క.