జాజ్ శాక్సఫోన్ నేర్చుకున్నవాళ్ళు చివరికి పాఠాలు చెప్పుకుంటూ మిగిలిపోవాల్సిందేనా?

వేదిక దొరకనివాళ్ళే పాఠాలకు దిగుతారన్న అభిప్రాయం మీ ప్రశ్నలో కనిపిస్తోంది. చాలామందిలో ఉన్నదే. నేను పగలు టెనర్ శాక్సఫోన్ నేర్పుతాను, రాత్రిళ్ళు బ్యాండ్‌తో వాయిస్తాను. ఏళ్ళ తరబడి ఇదే నా బతుకు. వీటిలో ఏ ఒక్కటి మానేసినా రెండోది ఎండిపోతుందని గట్టిగా చెప్పగలను.

నా దగ్గరకు ఒక కుర్రాడు వచ్చేవాడు. వేళ్ళు మహా చురుకు. నొటేషన్ ముందు పెడితే గడగడా వాయించేసేవాడు. ఒకసారి టెనర్ శాక్సఫోన్ దిగ్గజం లెస్టర్ యంగ్ సోలో (అప్పటికప్పుడు అల్లి వాయించిన భాగం) ఒకటి కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించి నా మొహంలోకి చూశాడు. స్వరాలన్నీ ఉన్నాయి, లెస్టర్ యంగ్ జాడ మాత్రం లేదు. శాక్సఫోన్ పక్కన పెట్టించి, కాగితం నేను తీసుకుని, "ఇప్పుడు పాడు" అన్నాను. "నాకు పాట రాదు సార్" అన్నాడు. గొంతు ఎలా ఉన్నా ఫర్వాలేదు, వరస వస్తే చాలన్నాను. నాలుగు బార్లు (తాళం ఆవర్తాలు) దాటలేకపోయాడు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1940లలోనే న్యూయార్క్‌లో లెనీ ట్రిస్టానో అనే పియానో విద్వాంసుడు తన శిష్యుల చేత లెస్టర్ యంగ్ సోలోలు, టెనర్ కంటే చిన్నదైన ఆల్టో శాక్సఫోన్ వాయించిన చార్లీ పార్కర్ సోలోలు ఇలాగే పాడించేవారు. ఆయనకు చూపు లేదు. శిష్యులకు కూడా కాగితం కంటే చెవినే నమ్మడం నేర్పారు. ఆయన దగ్గర తయారైన లీ కోనిట్జ్, ఆల్టో వాయించేవాళ్ళంతా పార్కర్ వెంట పడుతున్న కాలంలో తనదంటూ ఒక బాణీ నిలబెట్టుకున్నారు. కోనిట్జ్ కూడా పాఠాలు చెప్పారు. 2020లో పోయేనాటికి ఆయనకు 92 ఏళ్ళు.

మళ్ళీ మా కుర్రాడి దగ్గరికొస్తాను. వారం వారం సిగ్గుపడుతూనే పాడాడు. కొంతకాలానికి సోలో సగం దాకా వచ్చాడు. ఒకరోజు ఒక పొడుగాటి వరస మధ్యలో గాలి చాలక ఆగిపోయి, ఊపిరి తీసుకుని, మిగతా సగం కాస్త ఆలస్యంగా అందుకున్నాడు. రికార్డులో అది ఒక్క ఊపిరిలో సాగుతుంది. కానీ ఆ ఆగడంతో మొదటి సగం ప్రశ్నలాగా, రెండో సగం ఆలోచించి చెప్పిన జవాబులాగా వినిపించింది నాకు. సరిదిద్దలేదు. ఇంకోసారి పాడించుకుని విన్నాను.

ఆ రాత్రి బ్లూస్ వాయిస్తూ అలాంటి వరసే ఒకటి అందుకుని, సరిగ్గా మధ్యలో ఆగాను. మా డ్రమ్మర్ తల పైకెత్తి చూసి, ఆ ఖాళీలో స్నేర్ డ్రమ్ మీద ఒక్క చిన్న దెబ్బ వేశాడు. బేస్ వాయించే ఆయన అక్కడే ఒక స్వరం మీద నిలబడిపోయాడు. నేను మిగతా సగం అందుకునేసరికి పాట ఇంకో దారి పట్టింది. ముగ్గురం దాని వెనకాలే వెళ్ళాం. ఎన్ని గంటలు ఒంటరిగా సాధన చేసినా నాకు అది దొరికేది కాదు. తర్వాతి పాఠంలో ఆ కుర్రాడికి ఈ సంగతి చెబితే ఎంత పొంగిపోయాడో!

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. 1936లో కాన్సాస్ సిటీలో, ఇంకా టీనేజీలో ఉన్న చార్లీ పార్కర్ ఒక జామ్ సెషన్‌లో (వాద్యకారులు కలిసి అప్పటికప్పుడు వాయించుకునే చోట) తడబడితే, డ్రమ్మర్ జో జోన్స్ సింబల్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్ళెం) ఊడదీసి నేల మీదకు విసిరాడన్న కథ జాజ్‌లో అందరికీ తెలిసిందే. అవమానిస్తేనే విద్య వస్తుందని చెప్పడానికి కొందరు మాస్టర్లు దీన్ని వాడుకుంటారు. ఆ తర్వాతి ఏడాది వేసవిలో పార్కర్ ఓజార్క్స్ కొండల్లో ఒక బ్యాండ్‌తో పనికి వెళ్ళి, వెంట తీసుకెళ్ళిన రికార్డుల నుంచి లెస్టర్ యంగ్ సోలోలు కంఠతా పట్టి, వేరే మనిషై తిరిగొచ్చాడు. అతన్ని మార్చింది ఆ వేసవే. పిల్లల్ని ఏడిపించే మాస్టర్లు ఆ సగం కథ ఎందుకు చెప్పరు?

పాఠాలు చెబితే వాయించడం మందగిస్తుందనేవాళ్ళు ఆల్టో విద్వాంసుడు జాకీ మెక్లీన్‌ను తలుచుకోవాలి. ఆయన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు నేర్పారు. 1970లో భార్య డాలీతో కలిసి అదే ఊళ్ళో పిల్లల కోసం ఆర్టిస్ట్స్ కలెక్టివ్ అనే సంస్థ పెట్టారు. ఆల్టో మీద ఆ పదును మాత్రం చివరిదాకా పోలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కచేరీల ఆదాయం ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. ఇంటి అద్దె పాఠాల మీదే నడుస్తుంది. గంటకు ఫీజు ఇచ్చేవాళ్ళకు ఆ గంట వెనక మేము రికార్డు ముందు కూర్చున్న పూటలు కనబడవు. రీడ్ల (ఊదే చోట బిగించే పలచటి రెల్లు బద్దలు) పెట్టె కొంటే అందులో వేదిక మీదకు పనికొచ్చేవి కొన్నే. ఇక ఇరుగుపొరుగు బాధ. టెనర్ దిగ్గజం సోనీ రోలిన్స్ అంతటివాడు 1959 నుంచి 1961 దాకా న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకెళ్ళి సాధన చేశారు. పక్కింట్లో ఒక గర్భిణి ఉన్నారని, ఆమెకు ఇబ్బంది కలగకూడదని. ఆయనకు వంతెన దొరికింది, మాలో చాలామందికి బెల్‌లో (శాక్సఫోన్ విచ్చుకున్న చివరి మూతిలో) తువ్వాలు కుక్కుకోవడమే గతి. అలా చేస్తే కింది స్వరాలు ఎటూ సరిగ్గా పలకవు.

మీరు నేర్చుకోవాలనుకుంటే, మాస్టర్ దగ్గర చేరేముందు రెండు పనులు చెయ్యండి. కింది బి-ఫ్లాట్ స్వరానికి పెట్టిన వేళ్ళు కదపకుండా, గొంతూ నాలుకా సర్దుకుంటూ పై బి-ఫ్లాట్, దాని మీది ఎఫ్ పలికించి చూపించమని అడగండి. నాదం మీద ఆయనకున్న పట్టు అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత, ఈమధ్య ఎక్కడ వాయించారో అడిగి, ఈసారి వాయించేటప్పుడు వెళ్ళి వినండి. రావద్దని అంటే మాత్రం ఇంకొకరిని వెతుక్కోండి.