బాగా అలిసిపోయిన రోజు కూడా నడిచే కరికులమే తీసుకోండి

ప్రశ్న: మేము బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాం, సొంతూరు తెనాలి వైపు. పెద్ద పాపకి మొన్న జూలైలో ఐదేళ్ళు నిండాయి, బాబుకి రెండున్నర, చంటిదానికి ఐదో నెల. పాపని ఎల్‌కేజీలో వేస్తే రోజూ పొద్దున్నే ఏడుపు, రాత్రుళ్ళు పక్క తడపడం, పేజీలకి పేజీలు హోంవర్కు, అందుకని మాన్పించి ఇంట్లోనే చెప్దామనుకున్నాం. అమెరికాలో ఉన్న మా అక్క చెప్తే అక్కడి హోమ్‌స్కూల్ కిండర్‌గార్టెన్ కరికులమ్‌లు, అంటే ఇంట్లో చెప్పుకోవడానికి వారాల వారీగా పాఠాలు సర్దిన ప్యాకెట్లు, చూశా, నాలుగు దగ్గర ఆగిపోయా. ఒకటి వారానికో బొమ్మల పుస్తకం చదివి దాని చుట్టూ పనులు చేయించేది, ఒకటి వారానికో అక్షరం, ఒకటి చెట్లు పక్షులు రుతువులు, నాలుగోది అన్నీ కలిపిన పెద్ద బాక్స్. అక్షరాలది కొని రెండు వారాలు చేసి ఆపేశా. అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా ఏబీసీడీలు రాయడం రాలేదా అంటారు, మావారేమో నువ్వే కదా ఇంట్లో చెప్తానన్నావు అంటారు. రాత్రి రెండింటికి చంటిదానికి పాలిస్తూ ఫోన్లో కరికులమ్ రివ్యూలు చదువుకుంటూ ఏడుస్తున్నా. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, కరికులమ్ సంగతి చెప్తాను, దానికంటే ముందు పాప వయసు లెక్క చూద్దాం, మీ కంగారులో సగం అక్కడే ఉంది. కర్ణాటకలో ఒకటో తరగతిలో చేరాలంటే జూన్ 1కి ఆరేళ్ళు నిండాలి, 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆరేళ్ళనే చెప్తుంది. 2025-26 ఒక్క ఏడాదికి ఐదేళ్ళ ఐదు నెలలకి సడలించారు గానీ దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. మీ పాప జూలైలో పుట్టింది కాబట్టి వచ్చే జూన్‌కి ఆరు నిండవు, ఆ పై జూన్‌కే ఒకటో తరగతి. అంటే మీ చేతిలో ఏడాదిన్నర పైనే ఉంది. విద్యాహక్కు చట్టం చెప్పే నిర్బంధ విద్య ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకే, ఐదేళ్ళ పిల్లని ఇంట్లో ఉంచుకున్నారని మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేరు. ఇంకో విషయం, 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పెట్టుకున్న లక్ష్యం ఏంటంటే పిల్లలు మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవగలగాలి, మామూలు లెక్కలు చేసుకోగలగాలి అని. మూడో తరగతి పూర్తయ్యేసరికి, అమ్మా. మీ పాప దేంట్లోనూ వెనకబడలేదు.

ఇక ఆ నాలుగు కరికులమ్‌లు. మంచివే అయ్యుండొచ్చు, కానీ అవి ఇంకొకళ్ళ కొలతలు తీసి కుట్టిన బట్టలు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బడి ఏడాదికి 180 రోజులు నడవాలి, వారానికి ఐదు రోజుల చొప్పున 36 వారాలు, అందుకే ఆ ప్యాకెట్లలో చాలావాటిని 36 వారాలకి విడగొట్టి పెడతారు. మీరు రెండు వారాల దగ్గర ఆగిపోతే ఇంకా 34 మిగిలిపోయాయే అని గుండె దడ వస్తుంది, కానీ ఆ 36కి మీ ఇంటికి ఏ సంబంధమూ లేదు. లోపలికి వెళ్తే సెప్టెంబర్లో యాపిల్ పళ్ళు, అక్టోబర్లో గుమ్మడికాయలు, జనవరిలో మంచు, లెక్కల్లో అక్కడి చిల్లర నాణేలు సెంట్లు డైములు, కొలతల్లో అంగుళాలు. కొన్నిటిలో బైబిల్ పాఠాలు కూడా కలిపే ఉంటాయి, మీకు కావాలా వద్దా అన్నది కొనకముందే చూసుకోవాల్సిన విషయం. పుస్తకాల చుట్టూ నడిచేదైతే అక్కడి వాళ్ళు పక్క వీధి లైబ్రరీకి వెళ్ళి ఫ్రీగా తెచ్చుకుంటారు, మీరు అవే బొమ్మల పుస్తకాలు ఇక్కడ కొనాలంటే కరికులమ్ కంటే వాటికే ఎక్కువ అవుతుంది.

శాంపుల్ పేజీల్లో మొదటి వారం ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది, దాన్ని చూసి నిర్ణయించుకోవద్దు. పన్నెండో వారమో పదిహేనో వారమో తెరిచి చూడండి. రాత్రంతా చంటిది నిద్రపోలేదు, పనమ్మాయి రాలేదు, బాబుకి జలుబు, ఆ రోజుని మనసులో పెట్టుకుని ఆ పేజీ చదవండి. ముందు రోజు రాత్రి కత్తిరించి అతికించి రెడీ చేసుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయి, ప్రింటౌట్లు ఎన్ని, మధ్యలో నాలుగు రోజులు ఆపేస్తే మళ్ళీ ఎక్కడినుంచైనా ఎత్తుకోవచ్చా లేక ముందుది చేయకపోతే తర్వాతది రాదా. ఆ రోజు కూడా ఇరవై నిమిషాల్లో అయ్యే పని అందులో ఒకటైనా ఉంటే అది మీకు పనికొచ్చేది. లేదంటే ఎంత గొప్ప పేరున్నా అది పెద్ద పిల్లలు మాత్రమే ఉన్న తల్లికి, లేదా సాయం ఉన్న తల్లికి.

నన్ను ఒకటి తేల్చి చెప్పమంటే వారానికో పుస్తకం పద్ధతి తీసుకోమంటాను, కానీ ప్యాకెట్ కొనొద్దు, పద్ధతి ఒక్కటే తీసుకుని తెలుగులో చేయండి. మీ ఊళ్ళోనే ఉన్న ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అని మొదలుపెట్టారు, తెలుగు బొమ్మల కథలు లెవెళ్ళ వారీగా ఫ్రీగా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీసుకోవచ్చు. చెన్నై తూలికా వాళ్ళ తెలుగు ఇంగ్లిష్ రెండూ కలిపి ఉన్న పుస్తకాలు కొన్ని కొనిపెట్టుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా ఒకే కథ చదవండి, రోజూ అదే కథా అని మీకు విసుగొస్తుందేమో గానీ పిల్లలకి రాదు, నాలుగో రోజుకి పాప మీకే చదివి వినిపిస్తుంది, అక్షరాలు చూసి కాదు, గుర్తుపెట్టుకుని. చదువు మొదలయ్యేది అలాగే. కథలో మేక ఉంటే ఆ వారం మేక బొమ్మ వేయడం, మ దిద్దడం, మేకకి ఎన్ని కాళ్ళో రెండు మేకలకి ఎన్ని కాళ్ళో లెక్కపెట్టడం. అంతే, ఆ రోజుకి బడి అయిపోయింది. కొన్న అక్షరాల ప్యాకెట్ పారేయక్కర్లేదు, అందులో ఫోనిక్స్, అంటే ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పే భాగం వారానికి మూడు రోజులు పది నిమిషాలు వాడుకోండి, మిగతాది బాబు పెద్దయ్యాక చూసుకోవచ్చు. ఇవి కాక ఇంకా ఏదైనా కావాలనిపిస్తే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం తెచ్చిన జాదూయీ పిటారా చూడండి, ఆటలూ పజిళ్ళూ తోలుబొమ్మలూ అన్నీ మన పిల్లలకి తెలిసిన సరుకే.

తెలుగులో ఎందుకు అంటున్నానంటే ఇంట్లో మాట్లాడే భాషలో పిల్లకి మాటలు ఎక్కువ ఉంటాయి, కథ అర్థం అవుతుంది, అడుగుతుంది, అబద్ధాలు కల్పిస్తుంది, ఆ వాగుడంతా చదువే. పైగా మీరున్నది కర్ణాటక, రేపు ఏ బోర్డు స్కూల్లో వేసినా కన్నడ వస్తుంది, తెలుగు అ ఆ ఇ ఈలు వచ్చిన పిల్లకి కన్నడ అక్షరాలు సగం తెలిసినట్టే, వరస అదే, రూపు కూడా దగ్గరదగ్గరే.

రాయడం గురించి అత్తయ్యగారి దిగులు నాకు అర్థమవుతుంది, వాళ్ళ కాలంలో పలక మీద దిద్దితేనే చదువు. కానీ ఐదేళ్ళకి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, వేళ్ళలో పట్టు రాకుండా పేజీలు నింపించడం వల్లే చాలామంది పిల్లలకి పెన్సిల్ అంటే ఏడుపొస్తుంది, మీ పాపకి వచ్చింది కూడా అదేనేమో. ఆ పట్టు వంటింట్లో వస్తుంది. చలికాలం వచ్చేసరికి బెంగళూరంతా అవరేకాయలే కదా, మన అనపకాయలు, గింజలు నానబెట్టి ఇస్తే రెండు వేళ్ళ మధ్య నొక్కి తోలు ఊడగొట్టడం పిల్లలకి ఎంత సరదానో చూడండి, పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సింది సరిగ్గా ఆ నొక్కుడే. చపాతీ పిండి పిసకడం, పల్లీలు వలవడం, బియ్యప్పిండి పళ్ళెంలో వేలితో దిద్దడం, గుండీలు పెట్టుకోవడం, చెంబులోంచి గ్లాసులోకి ఒలకకుండా నీళ్ళు పోయడం. ఇన్‌స్టాలో వేలకి వేలు పెట్టి అమ్ముతున్న మాంటెస్సోరీ సామాను చూసి మనసు పాడుచేసుకోకండి, ఆ పద్ధతి తెచ్చిన మరియా మాంటెస్సోరీ 1907లో రోమ్‌లో మొదటి బడి పెట్టింది కూలిపని చేసుకునే వాళ్ళ పిల్లల కోసం, 1939లో మన మద్రాసు అడయారు వచ్చినప్పుడూ పిల్లల చేతికి నిజం పని ఇవ్వమనే చెప్పింది. లెక్కలకి వామనగుంటలు, గవ్వలు, అష్టాచెమ్మా చాలు, చింతపిక్కలు గుంటల్లో పంచుకుంటూ పోతుంటే కూడికా తీసివేతా రెండూ వచ్చేస్తాయి.

బాబు సంగతి మీరు రాయలేదు గానీ అసలు పాఠం పాడుచేసేది రెండున్నరేళ్ళ వాడే, నాకు తెలుసు. వాడిని పక్క గదిలో ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టి పాపకి చెప్పాలని చూడొద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి స్క్రీన్ రోజుకి గంట దాటకూడదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, ఆ గంట మీరు వంట చేసుకోవడానికో స్నానం చేయడానికో దాచుకోండి, ఎక్కువ అవసరం అప్పుడే. కథ ఇద్దరికీ కలిపే చెప్పండి, చంటిదానికి పాలిచ్చేటప్పుడు మంచం మీద అందరూ కూర్చుని చదువుకుంటే ఎవరికీ విడిగా టైమ్ ఇవ్వక్కర్లేదు. ముగ్గురూ నిద్రపోయిన మధ్యాహ్నం పాఠాలు రెడీ చేయొద్దు, పడుకోండి. సాయంత్రం ఐదింటికి కింద అపార్ట్‌మెంట్ పిల్లలు వస్తారు, రోజూ దించండి, తగవులు పడనివ్వండి, హోమ్‌స్కూలింగ్ అంటే తల్లి ఒక్కతే అన్నీ అయిపోవడం కాదు కదా.

చెట్లూ రుతువుల కరికులమ్ మీకు నచ్చినట్టుంది, అది మీవారికి అప్పగించండి. నిజంగానే అంటున్నా. ఆదివారం పెద్దపిల్లని ఒక్కదాన్నీ తీసుకుని కుందలహళ్ళి స్టేషన్లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగమనండి, దారిలో స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ, బోర్డు మీద కన్నడ అక్షరాలు వెతుక్కుంటూ. ఆదివారాలు అక్కడ బండ్లు తిరగవు, పరిగెత్తొచ్చు. ఇంకో ఆదివారం లాల్‌బాగ్, అక్కడున్న బండ దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటిదని చెప్పి ఎక్కించమనండి. కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే పల్లీల జాతర, పల్లీలు గుట్టలు గుట్టలు. ఫిబ్రవరి మార్చిలో జకరండా ఊదా పూలు, ఎండాకాలం తురాయి. మీ రుతువులు ఇవే, మంచు కాగితం కత్తిరించి అతికించే పని లేదు. "నువ్వే కదా చెప్తానన్నావు" అన్న మాటకి మీరు గొడవ పెట్టుకోవద్దు గానీ ఊరుకోవద్దు కూడా, పిల్ల ఏడుస్తోందని బడి మాన్పించింది ఇద్దరూ కలిసే, ఆదివారం పొద్దున, రాత్రి పడుకునే ముందు కథ, ఈ రెండూ మీవని తేల్చి చెప్పండి. అత్తయ్యగారికి వాట్సాప్ వీడియో కాల్‌లో రోజూ ఒక కథ చెప్పే పని ఇవ్వండి, చిన్నప్పటి తెనాలి సంగతులు చెప్పినా సరే, మనవరాలు ఎలా అడ్డుప్రశ్నలు వేస్తుందో ఆవిడే చూస్తారు, అప్పుడు ఏబీసీడీల ప్రశ్న దానంతటదే తగ్గుతుంది.

పాప పక్క తడపడం బడి మానేశాక తగ్గిందో లేదో మీరు చెప్పలేదు, తగ్గకపోయినా, పోసేటప్పుడు మంట అన్నా పిల్లల డాక్టర్‌కి చూపించి యూరిన్ టెస్ట్ చేయించండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట, రాత్రి రెండింటికి ఏడుపు. చంటిదానికి ఐదో నెల, ముగ్గురు పిల్లలు, నిద్ర లేదు, ఊరు కాని ఊరు. ఇది కరికులమ్ దొరికితే ఆగే ఏడుపు కాకపోవచ్చు. రెండు వారాలకి మించి ఇలాగే ఉన్నా, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఇష్టం లేకపోయినా, నేను పనికిరాని తల్లినని పదేపదే అనిపిస్తున్నా ఈ వారమే మీ గైనకాలజిస్టుకి చెప్పండి, రక్తం, థైరాయిడ్ కూడా చూస్తారు. మీ ఊళ్ళోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో బాలింతల మానసిక ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా చూసే డాక్టర్లున్నారు, పాలిచ్చే తల్లులకి ఇవ్వదగ్గ మందులు ఉన్నాయి కాబట్టి ఆ భయంతో ఆగొద్దు. అర్ధరాత్రి అయినా మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనో బిడ్డకి ఏమన్నా చేస్తానేమోననో ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా మీవారిని లేపి హాస్పిటల్‌కి వెళ్ళండి.

ఇంకొకటి, ఇంట్లో చెప్పడం కొన్నాళ్ళు కుదరకపోతే మానేయొచ్చు. హోంవర్క్ ఇవ్వని, ఆడించి పంపే చిన్న ప్లేస్కూల్ నడిచి వెళ్ళే దూరంలో దొరికితే రెండు మూడు గంటలు పంపండి, పంపేముందు రెండు రోజులు మీరే వెళ్ళి కూర్చుని చూడండి, టీచర్ ఏడ్చే పిల్లని ఎత్తుకుంటుందా గదుముతుందా అన్నదొక్కటి చూస్తే చాలు. వారానికో కథ అప్పుడూ రాత్రి పూట నడుస్తుంది. ఈ ఆదివారంలోపు మీవారితో కూర్చుని ఈ రెండిట్లో ఒకటి అనుకోండి, సంక్రాంతి దాకా దాన్ని మార్చకండి, ఫోన్లో సేవ్ చేసుకున్న ఆ రివ్యూలన్నీ డిలీట్ చేసేయండి.