ఇంట్లో కిట్ నెగెటివ్, ల్యాబ్‌లో పాజిటివ్.. ఏది నమ్మాలి డాక్టర్?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు, షుగర్ ఉంది. జ్వరం, గొంతునొప్పి మొదలైన రోజే ఇంట్లో కొవిడ్ కిట్‌తో చూస్తే నెగెటివ్ వచ్చింది. మూడో రోజు ల్యాబ్‌లో ఆర్టీపీసీఆర్ చేయిస్తే పాజిటివ్, సీటీ వాల్యూ 24. పన్నెండు రోజుల తర్వాత వేరే ల్యాబ్‌లో మళ్లీ పాజిటివే, సీటీ 33. అదే రోజు ఇంట్లో కిట్ పెడితే నెగెటివ్! ఆయన ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు. ల్యాబులవాళ్లు డబ్బుల కోసం పాజిటివ్ రాస్తారని, బొప్పాయికి కూడా పాజిటివ్ వచ్చిందని బంధువులు అంటున్నారు. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు, కాకినాడ

డాక్టర్ సలహా: అమ్మా, మీ దగ్గరున్న నాలుగు ఫలితాల్లో తప్పుడుది ఒక్కటి కూడా ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చూడండి, నాన్నగారికి జబ్బు ఎలా ముదిరిందో, ఎలా తగ్గిందో అందులోనే కనిపిస్తుంది.

ఇంట్లో వాడే కిట్ వైరస్ ప్రొటీన్‌ను వెతుకుతుంది. ముక్కులో వైరస్ బాగా పెరిగాకే గీత పడుతుంది, జ్వరం వచ్చిన మొదటి రోజు చాలామందిలో అంత ఉండదు. ఇదేమీ ఎవరో దాచిపెట్టిన సంగతి కాదు. 2020 జూన్‌లో ఇలా ప్రొటీన్‌ను వెతికే మొదటి కిట్‌కు (యాంటిజెన్ కిట్) అనుమతి ఇస్తూ భారత వైద్య పరిశోధన మండలే (ఐసీఎంఆర్) చెప్పింది, వైరస్ ఉన్నవాళ్లలో 50.6 నుంచి 84 శాతం మందినే అది పట్టుకుందని, లేనివాళ్లకు మాత్రం 99 శాతానికి పైగా సరిగ్గానే నెగెటివ్ చూపిందని. అందుకే 2021 మేలో ఇంటి కిట్లు వచ్చినప్పుడు, లక్షణాలుండి నెగెటివ్ వస్తే వెంటనే ఆర్టీపీసీఆర్ చేయించుకోవాలని కూడా చెప్పారు. ఆ మాట ఎంతమంది చదివారు? నెగెటివ్ రాగానే హమ్మయ్య అనుకుని పెళ్లికి వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ. దీనికితోడు స్వాబ్‌ను ముక్కు అంచుకు అలా తాకించి తీసేయడం, 15 నిమిషాలకు చూడాల్సింది గంట తర్వాత చూసి సన్నగీత కనిపించిందని టెన్షన్ పడటం కూడా ఉన్నాయి.

ఆర్టీపీసీఆర్ పద్ధతి వేరు. వైరస్ జన్యుపదార్థం కొంచెం ఉన్నా దాన్ని విడతకు రెట్టింపు చేసుకుంటూ పోతుంది, ఎన్నో విడతకు బయటపడిందో అదే సీటీ వాల్యూ (సీటీ స్కాన్‌కూ దీనికీ సంబంధం లేదు, ఈ రెండూ కలిపేసి భయపడేవాళ్లు రోజూ కనిపిస్తారు). అంకె పెరిగిందంటే వైరస్ తగ్గినట్టు. 24 నుంచి 33 అంటే తొమ్మిది విడతల తేడా, లెక్కకు సుమారు 500 రెట్లు తక్కువ. ల్యాబులు వేరు, వాళ్లు వాడే కిట్లు వేరు కాబట్టి ఈ లెక్కను ఉజ్జాయింపుగానే తీసుకోండి, జబ్బు తీవ్రతను దీంతో కొలవొద్దు. మన దగ్గర 35 దాకా పాజిటివ్‌గానే రాస్తారు కాబట్టి రెండో ల్యాబ్ అలా రాయడంలో తప్పు లేదు. వైరస్ చచ్చాక మిగిలిన తునకలను కూడా ఈ పరీక్ష వారాల తరబడి పట్టుకుంటూనే ఉంటుంది, ఇంటి కిట్‌కు మాత్రం గీత పడేంత వైరస్ అప్పటికి ఉండదు, అందుకే అదే రోజు అది నెగెటివ్ చూపింది.

ల్యాబులన్నీ మంచివేనా అంటే, అలా అనను. 2021 హరిద్వార్ కుంభమేళాలో చేయని పరీక్షలకు లక్ష దాకా దొంగ రిపోర్టులు పుట్టించారని ఆరోపణలొచ్చి దర్యాప్తు జరిగింది. అక్కడ ఎక్కువగా నెగెటివ్‌లే రాశారు, అది కూడా గమనించండి! మోసం ఉంటే ల్యాబ్‌ను నిలదీయాలి, ల్యాబుల నాణ్యతను సరిచూసే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో చూసుకుని వెళ్లాలి, అంతేగానీ ఆ కోపంతో పరీక్షే బూటకమంటే ఎలా?

బొప్పాయి కథ టాంజానియా అప్పటి అధ్యక్షుడు మగుఫులి 2020 మేలో చెప్పింది, మేకకు కూడా పాజిటివ్ వచ్చిందన్నారు. ఆ శాంపిళ్లను ఎలా తీశారో, ఎలా చేశారో బయటివాళ్లెవరూ సరిచూసింది లేదు. నారింజ రసం, కూల్‌డ్రింక్ వేస్తే ఇంటి కిట్‌లో గీత రావడం మాత్రం నిజమే. వైరస్‌ను పట్టుకోవడానికి పట్టీ మీద పెట్టిన యాంటీబాడీలు ఆ పులుపుకు చెడిపోతాయి, కిట్‌లో ఇచ్చిన ద్రావణం ఉన్నదే అలా జరగకుండా చూడటానికి.

ఇక నాన్నగారికి మళ్లీ పరీక్ష అక్కర్లేదు, ఆ డబ్బులతో షుగర్ పరీక్ష చేయించండి, జ్వరం తర్వాత అది పెరిగి ఉండొచ్చు. మళ్లీ ఎప్పుడైనా ఇలా జ్వరం వచ్చి కిట్ నెగెటివ్ చూపిస్తే 48 గంటల తర్వాత ఇంకోసారి చూడండి, లేదా నేరుగా ఆర్టీపీసీఆర్‌కు వెళ్లండి. ఆయన వయసుకు, షుగర్‌కు రెండోదే మేలు, ఎందుకంటే కొవిడ్ యాంటీవైరల్ మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. వానాకాలమైతే డెంగీకి ఎన్ఎస్1 పరీక్ష కూడా చేయించండి. ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.