సోఫాలో బేస్ లేదు, వంటింటి గుమ్మంలో దడదడ: సబ్‌వూఫర్ ఎలా సెట్ చేసుకోవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హాలు 12 × 16 అడుగులు. 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకీ, ఒక సబ్‌కీ ధ్వని పంచే పెట్టె), బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, సొంత ఆంప్లిఫయర్ ఉన్న 10 అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, బేస్ మాత్రమే పలికే స్పీకర్). దాన్ని టీవీ పక్క మూలలో పెట్టి ఒక ఆర్‌సీఏ వైరుతో కలిపారు. సినిమాలో బాంబు పేలితే మోగుతుంది గానీ పాటల్లో సబ్ ఉందో లేదో తెలియడం లేదు. హాలు మధ్యలో ఉన్న సోఫాలో కూర్చుంటే చప్పగా ఉంది, వంటింటి గుమ్మం దగ్గర నిలబడితే గుండెల్లో దడదడ. పైగా ఏమీ పెట్టకపోయినా గుయ్యిమనే మోత. 12 అంగుళాల సబ్‌కి మారాలా, మంచి సబ్‌వూఫర్ కేబుల్ కొనాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ కొనకండి. మా ఇంట్లో, చుట్టాల ఇళ్ళలో ఇలాంటివి సెట్ చేస్తూ వస్తున్నాను. సబ్ పనికిరానిదైతే ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా వినపడదు. వైరు సంగతి ఒక్క మాటలో: రిసీవర్ వెనక సబ్‌వూఫర్ ప్రీ-ఔట్ నుంచి సబ్ మీద ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్న సాకెట్‌కి (లేకపోతే లెఫ్ట్ సాకెట్‌కి) ఒక మామూలు షీల్డెడ్ ఆర్‌సీఏ వైరు చాలు. పెట్టేముందు రెంటికీ కరెంటు తీసేయండి.

ముందు పాటల సంగతి. ఇది దాదాపు ఎప్పుడూ రిసీవర్ మెనూలోనే ఉంటుంది. 5.1లో ఆ చివరి పాయింట్ వన్ ఉందే, అది సినిమా మిక్స్ చేసేవాళ్ళు బాంబుల్లాంటి బరువైన చప్పుళ్ళకి విడిగా ఇచ్చే ఎల్‌ఎఫ్‌ఈ ఛానల్, 120 హెర్ట్జ్ దాకానే ఉంటుంది. మామూలు పాటకి ఉండేవి రెండే ఛానళ్ళు, అందులో ఎల్‌ఎఫ్‌ఈ అసలు లేదు. కాబట్టి ముందువైపు ఉన్న స్పీకర్లకి వెళ్ళే బేస్‌ని రిసీవరే విడదీసి సబ్‌కి పంపాలి. ఆ పని అది చేయాలంటే స్పీకర్ సెటప్‌లో ఫ్రంట్ స్పీకర్లు 'స్మాల్' అని ఉండాలి. మీ దాంట్లో 'లార్జ్' అని ఉండి ఉంటుంది, అందుకే బాంబులకి పలికి పాటలకి పలకడం లేదు. ఇంత డబ్బు పోసి కొన్న స్పీకర్ని స్మాల్ అనడానికి మనవాళ్ళకి మనసొప్పదు. అది స్పీకర్ పరిమాణం గురించిన మాట కాదు, కింది బేస్ దానికి పంపొద్దని చెప్పడం, అంతే. ఇంకో తిరకాసు ఏమిటంటే డెనాన్, మరాంజ్‌లలోని ఆడిస్సీ, యమహాలోని వైపీఏఓ లాంటి ఆటో సెటప్‌లు మైక్‌తో కొలిచి ఒక్కోసారి వాటంతట అవే లార్జ్ అని పెట్టేస్తాయి. ఆటో సెటప్ అయ్యాక మెనూలోకి వెళ్ళి మళ్ళీ చూసుకోవాల్సిందే. 'ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్' అనో 'ఎక్స్‌ట్రా బేస్' అనో కనిపిస్తే అది కూడా ఆపేయండి. ఒకే బేస్ అటు స్పీకర్లలోంచీ ఇటు సబ్‌లోంచీ వచ్చి కలగాపులగం అవుతుంది.

క్రాసోవర్ (ఏ అంకె కింది చప్పుడు సబ్‌కి వెళ్ళాలో చెప్పేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. సినిమా ధ్వనికి ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ వాళ్ళు సిఫార్సు చేసే అంకె కూడా అదే. అంతకంటే కింది చప్పుడు ఎటునుంచి వస్తోందో చెవి సులువుగా పట్టుకోలేదు కాబట్టి సబ్ ఏ మూలనున్నా బేస్ టీవీ వైపునుంచే వస్తున్నట్టుంటుంది. మరీ చిన్న శాటిలైట్ స్పీకర్లున్న వాళ్ళు 120కో 150కో పెట్టక తప్పదు. అప్పుడు ఒక పరీక్ష చేయండి, వార్తలు పెట్టి మగగొంతు వినండి. మగవాళ్ళ గొంతు దాదాపు 85 హెర్ట్జ్ నుంచే మొదలవుతుంది కదా, క్రాసోవర్ ఎక్కువైతే వార్తలు చదివే ఆయన సగం టీవీలో, సగం సబ్ ఉన్న మూలలో కూర్చుని చదువుతున్నట్టుంటుంది. అలాంటి సెట్‌లో సబ్‌ని టీవీకి దగ్గరగానే ఉంచుకోవాలి.

సబ్ వెనక కూడా ఒక క్రాసోవర్ నాబ్ ఉంటుంది. రిసీవర్ ఆ పని చేస్తున్నప్పుడు దీన్ని పూర్తిగా పైకి తిప్పేయండి, బైపాస్ స్విచ్ ఉంటే బైపాస్‌లో పెట్టండి. రెండు ఫిల్టర్లు ఒకదానిమీద ఒకటి పడితే 60 నుంచి 80 మధ్య బేస్ బక్కచిక్కిపోతుంది.

ఇక అసలైన విషయం, చోటు. హాలు కొలతలు చెప్పారు కాబట్టి లెక్క వేసి చూద్దాం. ధ్వని వేగం సెకనుకి సుమారు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ పొడవుకి తగిన మొదటి అనునాద పౌనఃపున్యం, అంటే ఆ గది ఎక్కువగా మోగే స్వరం వస్తుంది. 16 అడుగులు అంటే 4.88 మీటర్లు, అక్కడ 35 హెర్ట్జ్. 12 అడుగుల వైపు 47 హెర్ట్జ్. ఈ రెండు పౌనఃపున్యాల్లోనూ గోడల దగ్గర చప్పుడు పేరుకుంటుంది, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా అవుతుంది. మీ సోఫా ఎక్కడుంది? హాలు మధ్యలో. వంటింటి గుమ్మం ఎక్కడుంది? గోడలో. సబ్ తప్పేమీ లేదు, మీరు కూర్చున్న చోటే బేస్ లేని గుంత. అక్కడ వాల్యూమ్ ఎంత పెంచినా మీకు పెద్దగా తేడా రాదు, గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి మాత్రం చెవులు చిల్లులు పడతాయి. తలుపులు, కిటికీలు, వసారాలోకి తెరుచుకునే భాగం ఉంటే అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి గానీ తీరు ఇదే.

మన ఇళ్ళలో ఇది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు సబ్‌ని మూలలోకి తోసేయమంటారు. వాళ్ళ ఇళ్ళకి చెక్క చట్రాల మీద జిప్సం బోర్డు కొట్టిన గోడలుంటాయి, బేస్ తగిలినప్పుడు అవి కాస్త కదిలి కొంత తినేస్తాయి. మనవి ఇటుక గోడలు, పైన శ్లాబు, కింద గ్రానైటో టైల్సో. పంపిందంతా తిరిగొచ్చేస్తుంది. కర్టెన్లు వేస్తే తగ్గుతుందా అని అడుగుతుంటారు. 35 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 32 అడుగులు. దానికి కర్టెను, రెండంగుళాల ఫోము అడ్డమే కాదు.

రాజమండ్రిలో మా బావగారింట్లో ఇంచుమించు ఇదే పరిస్థితి. ఇంటీరియర్ వాళ్ళు టీవీ యూనిట్ కింద సబ్ కోసమని ప్రత్యేకంగా గూడు కట్టి, ముందు జాలీ తలుపు కూడా బిగించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పాట పెడితే ప్రతి దెబ్బా ఒకే స్వరంలో బుంయ్ బుంయ్‌మంటోంది, బేస్ గిటార్ ఏ స్వరం వాయించినా ఒకటే మోత. సబ్ బయటికి తీసి, సోఫాలో సరిగ్గా బావగారు కూర్చునే చోట పెట్టాం. కింద దళసరి పుస్తకాలు పెట్టి కొంచెం ఎత్తు చేశాం. బేస్ గిటార్ మెట్లు మెట్లుగా ఎక్కిదిగే పాట ఒకటి తిప్పి తిప్పి పెట్టి, గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ విన్నాం. ఎక్కడైతే అన్ని స్వరాలూ ఒకే బరువుతో వినిపిస్తాయో, తర్వాత సబ్‌ని అక్కడ పెట్టాలి. సబ్, చెవి చోట్లు మార్చుకున్నా ఫలితం అదే ఉంటుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. పిల్లలకి మహా సరదా, మా అక్క అత్తగారు మాత్రం ఏదో పోగొట్టుకున్నామనుకుని తనూ వెతకడం మొదలుపెట్టారు.

అక్కడ దొరికిన చోటు పొడవు గోడ మధ్య భాగం, దీవాన్ పక్కన. వైరు కనిపిస్తుందని బావగారు కాసేపు నసిగారు. ఎనిమిది మీటర్ల ఆర్‌సీఏ వైరు తెచ్చి స్కర్టింగ్ వెంట టేపు వేసి పంపితే ఊరుకున్నారు. సబ్ మీద పూలకుండీ పెట్టడం మాత్రం ఇంకా మానిపించలేకపోయాం. నీళ్ళు పోసేటప్పుడు ఒలికితే లోపల ఆంప్లిఫయర్ ఉందని ఎన్నిసార్లు చెప్పినా, అది స్టూలే.

మీరు ముందు సోఫాని వంటింటి వైపు రెండు అడుగులు జరపండి. డబ్బు ఖర్చులేని పని, 35 దగ్గరి గుంతలోంచి బయటపడతారు. గోడకి పూర్తిగా ఆనించొద్దు, అక్కడ బేస్ మరీ పొంగుతుంది. కుదిరితే పక్కకి కూడా ఒక అడుగు. తర్వాత పాకే పరీక్ష చేసి సబ్ చోటు తేల్చుకోండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 30 నుంచి 80 దాకా మెల్లగా పెంచుకుంటూ వినొచ్చు గానీ వాల్యూమ్ తక్కువలో ఉంచండి, ఒకే టోన్ గట్టిగా చాలాసేపు మోగిస్తే సబ్ లోపలి వాయిస్ కాయిల్ (తీగచుట్ట) కాలిపోవచ్చు. ఫోన్ మైక్‌తో బేస్ కొలిచి ఆ అంకెలు నమ్మొద్దు, చాలా ఫోన్లు కింది చప్పుళ్ళని సరిగా పట్టవు. నిజంగా గ్రాఫ్ చూడాలనుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, యూఎస్‌బీ కొలత మైక్ ఒకటి కొనుక్కోవాలి.

చోటు ఖాయమయ్యాకే ఆటో సెటప్ మళ్ళీ నడపండి, ముందు కాదు. సబ్ మీది గెయిన్ (వాల్యూమ్) నాబ్ సగం దగ్గర పెట్టి మొదలుపెట్టి, అయ్యాక రిసీవర్‌లో సబ్ లెవెల్ ఎంత వచ్చిందో చూడండి. మైనస్ 12 లాగా అట్టడుగుకి తగిలి ఉంటే గెయిన్ ఎక్కువైందని అర్థం, తగ్గించి మళ్ళీ నడపండి. సబ్ దూరం టేపుతో కొలిచినదానికంటే నాలుగైదు అడుగులు ఎక్కువ చూపిస్తే కంగారుపడి దిద్దొద్దు. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల చప్పుడు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా బయటికొస్తుంది, ఒక మిల్లీసెకను అంటే సుమారు ఒక అడుగు. రిసీవర్ ఆ ఆలస్యాన్నే దూరంగా రాసుకుంటుంది. సబ్ చప్పుడుని స్పీకర్ల చప్పుడుతో కలిపే ఫేజ్ స్విచ్ 0, 180 దేనిలో ఉండాలన్నది వాదించుకునే సంగతి కాదు. మీరు సోఫాలో కూర్చుని బేస్ ఉన్న పాట వింటుంటే ఇంకొకరు స్విచ్ మారుస్తారు, ఎటు నిండుగా వినిపిస్తే అటే వదిలేయండి.

గుయ్యిమనే మోతకి వస్తే, సబ్ వెనక ఆర్‌సీఏ వైరు పీకి చూడండి (స్విచ్ ఆపి వైరు పీకి, మళ్ళీ స్విచ్ వేయండి). మోత అలాగే ఉంటే సబ్ ఆంప్లిఫయర్‌లోనే లోపం, సర్వీసుకి ఇవ్వాలి. ఆగిపోతే గ్రౌండ్ లూప్, అంటే రెండు వేర్వేరు దారుల్లో ఎర్త్ కలిసి మన 50 హెర్ట్జ్ కరెంటు మోత లోపలికి దూరుతోంది. ముందు రిసీవర్, టీవీ, సబ్ అన్నీ ఒకే ప్లగ్గు బోర్డుకి మార్చండి. తగ్గకపోతే సెట్ టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ తీగ విప్పి చూడండి. నేను చూసిన ఇళ్ళలో ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరికాడు. కేబుల్ టీవీ అయితే ఆ తీగకి ఐసొలేటర్ (ఎర్త్ దారిని తెంపే చిన్న ముక్క) వేస్తే సరిపోతుంది. డీటీహెచ్ అయితే మామూలు ఐసొలేటర్ పనికిరాదు, డిష్ మీద సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీకి అదే తీగలో కరెంటు వెళ్ళాలి కదా. అప్పుడు సెట్ టాప్ బాక్స్‌ని టీవీకే ఉంచి, టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ వైరు వేయండి, మధ్యలో హెచ్‌డీఎంఐ ఉండకూడదు. ఆప్టికల్ వైరులో రాగి లేదు, మోత దాటలేదు. కొందరు ఎలక్ట్రీషియన్లు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందంటారు. మోత పోతుంది నిజమే, రేపు సబ్‌లో షార్టయితే దాని వెనక లోహపు పలక మీదకి కరెంటొస్తుంది. ఆ పని మాత్రం చేయనివ్వకండి.

ఇన్ని చేశాక గిన్నెల స్టాండు, షోకేసు అద్దాలు, బీరువా తలుపు గలగలమనడం మొదలుపెడతాయి, ముఖ్యంగా వంటింట్లో. అదే టోన్ యాప్ మెల్లగా పెంచుతూ ఏది ఎక్కడ మోగుతోందో పట్టుకుని ఫెల్ట్ ముక్కలు అంటించండి. అపార్ట్‌మెంట్ అయితే రాత్రి పదయ్యాక రిసీవర్‌లో నైట్ మోడ్ వేసుకోండి, కింది ఫ్లాటువాళ్ళ శ్లాబు మీదే మీ సబ్ కూర్చుంది. సబ్ కింద రబ్బరు ప్యాడ్ నేలకి తగిలే అదురు తగ్గిస్తుంది గానీ గాలిలో వెళ్ళే బేస్‌ని ఆపదు.

ఇదంతా అయ్యాక కూడా ఓటీటీ సినిమాల్లో బేస్ పలచగా అనిపిస్తే సబ్ వైపు చూడకండి, టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ ఔట్‌పుట్ చూడండి. అక్కడ పీసీఎం (టీవీయే విప్పి పంపే ధ్వని) అని ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్ళే పంపుతాయి, ఎల్‌ఎఫ్‌ఈ రిసీవర్ దాకా రానే రాదు. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కో పాస్‌త్రూకో (ధ్వనిని విప్పకుండా రిసీవర్‌కే పంపేవి) మార్చి, రిసీవర్ డిస్‌ప్లే మీద డాల్బీ అని పడుతోందేమో చూసుకోండి.