కళ్లు తిరగడం తగ్గింది, తూలడం తగ్గలేదు

ప్రశ్న: నా వయసు 46. రెండు నెలల క్రితం పొద్దున్నే ఇల్లంతా గిర్రున తిరిగింది, ఆగకుండా వాంతులు. ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి ‘వెస్టిబ్యులర్ న్యూరైటిస్’ అన్నారు. ఇప్పుడు తిరగడం లేదు కానీ నడుస్తుంటే తూలుతున్నాను. పాత చీటీ చూపించి ప్రోక్లోర్‌పెరజిన్ మాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకుంటున్నాను, మానాలంటే భయం. ఈమధ్య ఎడమ చెవిలో హోరుగా ఉంటే ఫోన్ కుడి చెవికి మార్చాను. పూర్తిగా తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఎమ్మారై అవసరమా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది ఎన్నాళ్లని. నా కన్ను మాత్రం ఫోన్ చెవి మార్చానన్న మాట దగ్గర ఆగిపోయింది. న్యూరైటిస్‌లో సాధారణంగా లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే బ్యాలెన్స్ నరమే దెబ్బతింటుంది, వినికిడి జోలికి రాదు. చెవి మందగిస్తే ముందు పెట్టిన పేరు సరైనదేనా అని మళ్లీ చూడాల్సిందే. లోపలి చెవి వాచే లాబిరింథైటిస్ కావచ్చు, లోపలి చెవిలో ద్రవం పెరిగే మెనియర్స్ జబ్బు కావచ్చు, అరుదుగా ఆ నరం మీద పెరిగే చిన్న గడ్డ కావచ్చు, ఏమీ కాక గులిమి అడ్డుపడి ఉండొచ్చు. చెవి చూడకుండా నేను తేల్చలేను. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర వినికిడి పరీక్ష చేయించుకోండి. వినికిడి హఠాత్తుగా తగ్గితే మొదటి రెండు వారాల్లో స్టెరాయిడ్లు మొదలుపెట్టినప్పుడే ఎక్కువ ఫలితం. ‘ఈమధ్య’ అంటే నాలుగు రోజులో, నెలో మీరు రాయలేదు. కొద్ది రోజులే అయితే ఇవాళే వెళ్లండి. రెండు చెవుల మధ్య తేడా కనిపిస్తే ఎమ్మారై సంగతి ఆ డాక్టరే చెబుతారు.

ఇక ఆ మాత్రలు. అవి మొదటి రెండు మూడు రోజుల వాంతులకు, తిప్పుడికి మాత్రమే అమ్మా, రెండు నెలలకు కాదు. ఒక చెవి నుంచి వచ్చే బ్యాలెన్స్ సమాచారం తగ్గినప్పుడు మెదడు కొత్త లెక్క నేర్చుకోవాలి. తల కదిలి, కాస్త తూలి, తప్పు తెలిస్తేనే నేర్చుకుంటుంది. మాత్ర ఆ తప్పును కప్పేస్తుంది. తూలుతున్నానని మాత్ర వేసుకుంటున్నారు. మాత్ర వేసుకుంటున్నందుకే ఇంకా తూలుతూ ఉండొచ్చు.

మొన్న ఒకాయన ఇలాంటి మాత్రల ఖాళీ స్ట్రిప్పులు రబ్బరు బ్యాండు వేసి మరీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పెడుతున్న చెయ్యి వణుకుతోంది. వయసు వల్ల అనుకున్నారట. ఈ మందు ఎక్కువ కాలం వాడితే పార్కిన్సన్స్‌లాగా వణుకు, బిగుసుకుపోవడం రావచ్చు. అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఎలా తగ్గించాలో డాక్టర్‌నే అడగండి.

ఎన్నాళ్లంటే, న్యూరైటిసే అయితే చాలామంది ఆరు వారాల నుంచి మూడు నెలల్లో కుదుటపడతారు, కొందరికి ఇంకా పడుతుంది. రోజురోజుకీ వరసగా తగ్గుతుందని అనుకోవద్దు. నిద్ర చాలకపోయినా, జ్వరం తగిలినా పాత తూలుడు ఓ రెండు రోజులు పలకరించి పోతుంది. పక్క మీద ఒత్తిగిలినప్పుడు మాత్రమే అర నిమిషం గిర్రున తిరిగితే అది వేరే విషయం. లోపలి చెవిలో స్ఫటికాలు జారి ఉండొచ్చు. దానికి డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పి సరిచేస్తారు, మాత్రలతో పని లేదు.

డాక్టర్ సరే అంటే ఒక వ్యాయామం. కూర్చుని, చెయ్యి చాపి బొటనవేలి గోరు మీద చూపు నిలపండి. వేలు కదలకూడదు. గోరు మసకబారనంత వేగంతో తల కుడి ఎడమలకు ఒక నిమిషం తిప్పండి. రోజుకు మూడుసార్లు. కాస్త తిప్పినట్టుంటుంది, అది మంచిదే. తూలుడు తగ్గేదాకా బండి మాత్రం ముట్టుకోవద్దు.

మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా అది చెవి అనుకుని పడుకోకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, మాత్రల స్ట్రిప్పు పట్టుకెళ్లండి. ఆ చీటీలో ఎన్ని రోజులకు రాశారో కూడా ఒకసారి చూసుకోండి.