బయానా ఇచ్చే ముందు కాగితం రాయించుకో

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మంగళగిరి దగ్గర 200 గజాల స్థలం చూశావట. అమ్మేది మీ నాన్న స్నేహితుడేనని, ఈ వారంలోనే 5 లక్షలు బయానా ఇచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. అగ్రిమెంటు మాటెత్తితే "ఆయన్ని కాగితం అడగాలంటే మొహమాటంగా ఉంది" అన్నావట. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర ఏళ్ల తరబడి దస్తావేజులు రాసినవాణ్ణి. నా దాకా వచ్చిన తగాదాల్లో చాలామటుకు మంచివాళ్ల మధ్య వచ్చినవే. మీ నాన్న స్నేహితుణ్ణి నమ్ము, కాదనను. కానీ రేపు ఆయనకి ఏమైనా అయితే నువ్వు మాట్లాడాల్సింది ఆయన పిల్లలతో. మీరిద్దరూ ఏమనుకున్నారో వాళ్లకు తెలీదు. ఈలోగా గజం రేటు పెరిగిందంటే, తెలిసినా గుర్తుండదు.

చట్టం నోటిమాట ఒప్పందాన్ని పూర్తిగా కొట్టిపారేయదు. కాకపోతే ఉందని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత నీది. రేటు ఎంత, స్థలం ఎంత, మిగతా డబ్బు ఎప్పటిలోగా అనేవన్నీ సాక్షుల చేత చెప్పించాలి. ఆ రోజు కాఫీ తాగి వెళ్లినవాళ్లు కోర్టుకు వస్తారనుకుంటున్నావా?

అగ్రిమెంటులో గడువు తేదీ తప్పకుండా రాయించు. ఆయన రిజిస్ట్రేషన్ చెయ్యకపోతే దావా వెయ్యడానికి ఆ తేదీ నుంచి నీకు 3 ఏళ్లు ఉంటుంది. తేదీ లేకపోతే ఆయన ఎప్పుడు కాదన్నాడన్నదే పెద్ద వాదన అయి కూర్చుంటుంది. సర్వే నంబరు, నాలుగు వైపులా హద్దులు, మొత్తం ధర, ఇచ్చిన బయానా, మిగిలిన బాకీ ఉండాలి. బ్యాంకు అప్పేదైనా ఉంటే ఎవరు తీరుస్తారో, బేరం చెడితే బయానా సంగతేంటో కూడా రాయాలి. చాలామంది ఈ చివరిది వదిలేస్తారు, గొడవంతా దాని దగ్గరే వస్తుంది. ఖాళీలు వదిలేసి "తర్వాత నింపుకుందాం" అని బ్రోకరు అంటే సంతకం పెట్టకు. ప్రతి పేజీలో ఇద్దరి సంతకాలూ, చివర సాక్షులవీ ఉండాలి. ఆ సాక్షుల్లో ఒకరైనా మన మనిషి కావాలి.

అది ఆయనకు పిత్రార్జితమేమో కనుక్కో. అయితే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ అందరూ సంతకం చెయ్యాలి. పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లకు వాటా ఏముందిలే అనే మాట నేటికీ వింటున్నాను. ఉంది. ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రారు ఆఫీసు ధ్రువపత్రం) తీయించి, లింకు దస్తావేజులు (ఆ స్థలం ఇంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు) చూశాకే డబ్బు ఇవ్వు. అదీ బ్యాంకు ద్వారానే. స్థలం బేరంలో 20,000, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. ఆ సంగతి చెబితే ఆయనే చెక్కు అడుగుతాడు.

అగ్రిమెంటు చేతిలో ఉన్నంత మాత్రాన స్థలం నీదైపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపై విలువైన స్థలం అమ్మాలంటే రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి. ఎవరైనా "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే నా తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం) రాసిస్తాం, అదే చాలు" అంటే నమ్మకు. దానివల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. తెలంగాణలో సాదాబైనామాల మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం ఒప్పందాల మీద, పొలం కొన్న రైతుల్ని చూడు, సొమ్మంతా కట్టి, దున్నుకుంటూ కూడా పాసుపుస్తకం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. మన ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన 1999 సవరణతో అగ్రిమెంటు కూడా రిజిస్టర్ చేయించాల్సిన పత్రాల్లో చేరింది. ఖర్చని వెనకాడకు. రిజిస్టరైతే అది ఈసీలో కనబడుతుంది, ఇంకొకరికి అమ్మడం అంత సులువు కాదు.

నీ స్నేహితుడు ఫ్లాటు చూస్తున్నాడని విన్నాను. రెరా (ఇళ్లు, ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) కింద నమోదైన ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదని అతనికి చెప్పు.

ఇక మొహమాటం సంగతి. కాగితం నువ్వు అడగొద్దు. "మా మావయ్య చాదస్తపు మనిషి, చిత్తు చూడందే ఊరుకోడు" అని నా మీద వెయ్యి. చిత్తు ప్రతి రాగానే వాట్సాప్‌లో పంపు, ఫొటోలు కాస్త తిన్నగా తియ్యి. నేను చూసి చెప్పేదాకా బయానా ఆపు.

ఇట్లు,
మీ మావయ్య