షుగర్ ఉన్న పిల్లికి మాత్ర వేయాలంటే
మీ పిల్లి డాక్సీసైక్లిన్ మాత్రను నురగతో ఉమ్మేస్తోందని, పాలన్నంలో పెట్టొచ్చా అని అడిగారు. వద్దండీ. అన్నంతో షుగర్ పెరుగుతుంది, పాలు ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చికెన్‌ను నలిపి శనగగింజంత ఉండలు మూడు చేయండి. మాత్ర రెండోదాంట్లో. మూడోది కళ్ల ముందు కనిపిస్తుంటే రెండోది గబుక్కున మింగేస్తుంది, మా దానితో రోజూ ఇదే పని.

అప్పటికీ వినకపోతే తువ్వాలు చుట్టి, తల పైనుంచి పట్టుకుని, ముక్కు పైకెత్తి, మాత్రను నాలుక మీద బాగా లోపలికి వేయండి. వెంటనే సూది లేని సిరంజితో 5 మి.లీ. నీళ్లు బుగ్గ పక్కనుంచి మెల్లగా పట్టండి. ఇది మాత్రం మానొద్దు, ఈ మాత్ర గొంతు కింద ఇరుక్కుంటే పుండు పడుతుంది.

ఈ గొడవలో తిండి మానేస్తే ఎప్పటి డోసు ఇన్సులిన్ ఇచ్చేయకండి, ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.